గుమ్మానికి ఎదురు చెట్టు

మూడో రోడ్డులో కానుగ మొక్కలు పోయింది మంగళవారం పొద్దున.

బడికి వెళ్లే ముందు రోజూ ఆ కాలనీలో ఒకసారి తిరిగి వెళ్లడం నాకు అలవాటైంది. నేను చెప్పకపోయినా ఆటో అతను ఆర్చి దగ్గర ఆపుతాడు. ఆ రోజు మలుపు తిరిగేసరికి మొక్కల చుట్టూ పెట్టిన ఇనప కంచెలు ఎప్పటిలాగే వరసగా నిలబడి ఉన్నాయి. లోపల మొక్కలు లేవు. మొదటి కంచెలో చెయ్యి పెట్టి చూశాను. గుంతలో మట్టి ఇంకా తడిగా ఉంది.

నేను ఎవరినీ పిలవలేదు. చెయ్యి తుడుచుకుని రోడ్డు చివరిదాకా నడిచాను. చివరి కంచె కూడా ఖాళీగానే ఉంది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవారికి వెనకటి సంగతి కొంచెం చెప్పాలి. మా ఆయన ప్రసన్నకుమార్ డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక మా పెరట్లో మొక్కలు పెంచారు. పెదకాకాని అవతల, ఒకప్పటి మిరప చేలల్లో, యలమంద గారు ఇళ్ల వెంచరు వేస్తే, అక్కడి రోడ్ల పక్కన ఆ మొక్కలు నాటే పని ఆయనే అడిగి తీసుకున్నారు. నీడ పడితే కాపు తగ్గుతుందని రైతులు గట్ల మీద కూడా చెట్టు ఉంచని నేల అది. అందుకే ఆ కాలనీలో పాత చెట్టంటూ ఒక్కటీ లేదు. పోయిన వానాకాలంలో ఆయన నాటారు. నవంబరులో ఆయన పోయారు.

లేఅవుటుకు అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన షరతుల్లో చెట్ల షరతు ఒకటి. ప్రతి రోడ్డుకూ రెండు పక్కలా నీడనిచ్చే చెట్లు నాటాలి. అవి బతికి ఉండాలి. పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలంలో పచ్చదనం కనిపించాలి. అధికారులు వచ్చి చూసి సరేనంటేనే, హామీగా వాళ్ల దగ్గర తనఖా ఉన్న ప్లాట్లు యలమంద గారి చేతికి తిరిగి వస్తాయి. ఆ తనిఖీ వచ్చే సోమవారం. ఇంకొక సంగతి. మూడో రోడ్డులో మాకూ ఒక ప్లాటు ఉంది. ఇల్లు కట్టుకుందామని ఆయన కొన్నారు. దాన్ని అమ్మిపెట్టమని నేను యలమంద గారికి చెప్పి ఇంటికి వచ్చిన దగ్గర కిందటి వారం ఆగాం.

నగ్మాకు ఫోన్ చేశాను. ఈ కాలనీకి రోడ్లు, పార్కు, మొక్కలు ఎక్కడెక్కడ రావాలో గీసిన ఇంజనీరు ఆమె. ఒకప్పుడు నా తరగతిలో కిటికీ పక్కన కూర్చుని, నేను నల్లబల్ల మీద వేసే పువ్వు బొమ్మకు రేకులు సరిపోలేదని చెప్పిన పిల్ల. ఈ ఇనప కంచెలు వాళ్ల నాన్న కలీం వెల్డింగు షాపులో చేసినవే. నగ్మా స్కూటీ మీద వచ్చి, దిగి, హెల్మెట్ తియ్యకుండానే ఖాళీ కంచెల్ని చూస్తూ నిలబడిపోయింది. ఆమె వెనకే యలమంద గారి కారు వచ్చింది.

యలమంద గారి గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆయన కూడా మిరప వేసి, నష్టపోయి, మళ్లీ వేసి లేచిన మనిషి. ఖాళీ కంచెల వంక చూసిన చూపు, పశువులు పడి మేసిన చేను వంక రైతు చూసే చూపే. అయితే ఆయన దుఃఖం ఎంతోసేపు ఉండదు. వెంటనే పనిలోకి దిగిపోతుంది.

కడియం నర్సరీల నుంచి లారీ తెప్పిస్తానన్నారు. నిలువెత్తు రాయల్ పామ్‌లు దించి నిలబెడితే సాయంత్రానికల్లా రోడ్డు సినిమా సెట్టింగులా ఉంటుందన్నారు. మిగతా రోడ్లలో బతికి ఉన్న వేప, కానుగ కూడా తీసేసి అన్నీ ఒకే రకంగా పామ్‌లు పెడితే చూడ్డానికి ఇంకా బాగుంటుందని కూడా అన్నారు. అంటే మా ఆయన నాటినవి ఏవీ మిగలవు.

నగ్మా హెల్మెట్ తీసి స్కూటీ అద్దానికి తగిలించింది.

“షరతులో నీడనిచ్చే చెట్లని ఉంది సార్.”

“పామ్‌కి నీడ ఉండదా ఏంది? నిలువునా పడుద్దిగా.”

“పడుద్ది సార్. దాంట్లో మనిషి పట్టడు. కర్ర పట్టుద్ది.”

యలమంద గారికి నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. నేల చూస్తూ, పోయిన పెద్దాయన్ని అనకూడదు గానీ అంటూ మొదలుపెట్టారు. మాస్టారు గుంతలు తీసిందే తప్పన్నారు. సరిగ్గా ఒక్కో గేటుకూ ఎదురుగా తీశారని, వాస్తు చూసుకునే జనం గుమ్మానికి ఎదురుగా చెట్టు ఉంటే ఎందుకు ఊరుకుంటారని, మొక్కలు పీకింది ఎవరైనా కారణం అదేనని అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. జరిగిన నష్టం ఎక్కడో ఒక చోట రాసుకోవాలి, అక్కడ రాసుకుంటున్నారు.

చనిపోయినవాళ్ల మీద తప్పు పెట్టడం తేలిక. వాళ్లు జవాబు చెప్పరు. నేను చెప్పవచ్చు. కానీ ఆ మొక్కల విషయంలో ఎవరు ఎవరికి ఏం చెప్పారో నాకు తెలియదు. తెలియని విషయం ఆయన తరఫున మాట్లాడకూడదని ఊరుకున్నాను.

“గుంతలు మాస్టారు తీశారు సార్,” అంది నగ్మా. “చోటు చూపించింది నేను. ప్లాటుకొక చెట్టు, ప్లాటు మధ్యలో. కాగితం మీద చక్కగా కనిపించిందని అట్లా గీశాను. గేట్లు ఎటు పెడతారో కనుక్కున్నావా అమ్మా అని ఆయన ఒకసారి అడిగారు కూడా. నేను కనుక్కోలేదు. తప్పు నాది.”

ఆమె తల దించుకుని అనలేదు, గొప్పగానూ అనలేదు. లెక్కలో ఎక్కడ పొరపాటు పడిందో చూపించే పిల్లలు ఎలా చెబుతారో అలా చెప్పింది. జీతమిచ్చే మనిషి ఎదురుగా ఉన్నాడు. నెపం నెట్టేయడానికి చనిపోయిన మనిషి ఒకరు సిద్ధంగా ఉన్నారు. అయినా చెప్పింది. ఇన్నేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఒక పిల్ల నా కళ్లముందు ఇంత పెద్దదవడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

యలమంద గారు జేబులోంచి ఫోను తీశారు. లారీ కోసమే అయి ఉంటుంది. అప్పుడే పార్కు స్థలం వైపు నుంచి కేక వినిపించింది.

“ఏరా యలమందా, దొంగ కోసం వెతుకుతున్నావా? ఇటు రా. నేనే పీకించా.”

సుబ్బరావమ్మ గారు. ఈ కాలనీ నేలలో పెద్ద భాగం ఒకప్పుడు ఆవిడదే. అమ్మిన నేలలోనే ఒక ప్లాటు తీసుకుని ఇల్లు కట్టిస్తున్నారు. అవతల మిగిలిన చేలో ఇప్పటికీ మిరప వేస్తారు. పార్కుకని వదిలిన స్థలంలో పోయిన నెల నుంచి ఆవిడ కాయలు ఎండుతున్నాయి. పచ్చగడ్డి రావాల్సిన చోట ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రగా పరిచి ఉన్నాయి. తీయమని ఎవరూ గట్టిగా అనలేకపోయారు. ఆవిడ ఆ ఎరుపు అంచున గోనెపట్టా మీద కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పడేస్తున్నారు. మేం దగ్గరకు వెళ్లాక కూడా చేతులు ఆగలేదు. నాకు ఘాటుకు దగ్గు వచ్చింది. ఆవిడకు అలాంటివేమీ ఉండవు.

చెప్పకుండా పీకిస్తావా పెద్దమ్మా అని యలమంద గారు అడిగారు.

“నువ్వు చెప్పి నాటించావా?” అన్నారు ఆవిడ.

కారణం దాచలేదు. వచ్చే నెల గృహప్రవేశం. సిద్ధాంతి వచ్చి చూసి, సింహద్వారానికి నేరుగా చెట్టు ఉంది, వేధ, ఇంటికి మంచిది కాదు అన్నాడట. ఆవిడ తన గుమ్మం ముందుది తీయిస్తుంటే పక్కవాళ్లు కూడా వచ్చి మాదీ తీయించక్కా అన్నారట. ఎటూ కూలీలు ఉన్నారు కదా అని వరసంతా తీయించారు. ఇందులో రహస్యం ఏముంది అన్నట్టు చెప్పారు.

నేను ఒక్క మాట అడిగాను.

“మొక్కలు ఏం చేశారండీ?”

ఆవిడ చేతులు అప్పుడు ఆగాయి. నా ముఖం వంక కాసేపు చూశారు. మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచి, గోనెపట్టా దులిపి, రమ్మన్నట్టు తల ఊపి ముందు నడిచారు.

ఇంటి వెనక, నీళ్ల కుళాయి పక్కన, తాటాకు పందిరి. దాని కింద పొడుగ్గా తవ్విన కాలవలాంటి గుంత. గుంతలో మూడో రోడ్డు మొక్కలన్నీ ఉన్నాయి. ఒక్కో మొక్క వేళ్ల చుట్టూ మట్టి ముద్ద చెదరకుండా తడిగోతం చుట్టి, పురికొసతో కట్టి, వరసగా ఆనించి ఉంది. ఆకు వాడలేదు. కొమ్మ విరగలేదు. రోడ్డు మీద ఏది ఎక్కడ ఉండేదో అదే వరసలో ఉన్నాయి. ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టించి, మట్టి పట్టాక, ఎండ రాకముందే లేపించారట.

“మిరపనారు పీకి గట్టు మీద ఎండబెట్టే దాన్నా నేను?” అన్నారు సుబ్బరావమ్మ గారు. “నా గుమ్మం ముందు వద్దన్నా గానీ చచ్చిపోమన్నానా? చిన్నప్పటి నుంచి నారు పోసి, పీకి, నాటి బతికినదాన్ని టీచరమ్మా.”

నేను దగ్గరికి వెళ్లి వంగి చూశాను. గాలికి ఒరగకుండా ప్రతి మొక్కకూ ఒక సరుగుడు కర్ర ఆధారం ఉంటుంది. మొక్కను కర్రకు కట్టడానికి ఆయన తన పాత లుంగీలు చింపి పీలికలు చేశారు. తాడైతే కాండం కోసుకుపోతుందనేవారు. ఆ పీలికలు అలాగే ఉన్నాయి. నీలం గళ్లు. కొంచెం వదులుగా వేసిన ముడి.

“మాస్టారు కట్టిన ముళ్లు విప్పొద్దని కూలోళ్లకి చెప్పా,” అన్నారు ఆవిడ, వేరే వైపు చూస్తూ.

నేను ఒక ముడిని ముట్టుకుని చెయ్యి తీసేశాను.

ఆ తర్వాత జరిగింది నగ్మా పని. వేధ అనేది మూఢనమ్మకమని ఆమె వాదించలేదు. నేనైతే ఒకవేళ వాదించి ఉండేదాన్నేమో. ఆమె గుంతలోకి దిగి, ఒక కానుగను ముద్దతో సహా రెండు చేతుల్తో ఎత్తుకుంది. బరువుకు కొంచెం వెనక్కి వాలింది. ఆవిణ్ణి వెళ్లి గుమ్మంలో కూర్చోమంది.

“ఎందుకే పిల్లా?”

“కూర్చోండి పెద్దమ్మా. వేధ ఎక్కడిదాకా ఉందో మీరే చెప్పండి.”

సుబ్బరావమ్మ గారు తలుపులు ఇంకా బిగించని సింహద్వారంలో, గడప ఇవతల పీట వేయించుకుని కూర్చున్నారు. నగ్మా మొక్కను పట్టుకుని రోడ్డు మీద పాత గుంత దగ్గర నిలబడింది. ఇక్కడ అంది. వేధ అన్నారు ఆవిడ. నగ్మా పక్కకు జరిగింది. గేటు స్తంభం దాకా వచ్చి ఇక్కడ అంది. ఆకులు కనపడుతున్నాయి అన్నారు ఆవిడ. నగ్మా ఇంకా జరిగింది. యలమంద గారు ఫోను చేతిలో పట్టుకుని, ఎవరికీ చెయ్యకుండా చూస్తున్నారు. స్తంభం దాటి, ప్రహరీ పొడుగునా నడిచి, నగ్మా ఆగింది.

“ఇప్పుడు?”

“ఇప్పుడు చెట్టూ కనపట్టంలా, నువ్వూ కనపట్టంలా.”

అందరం ఆమె కాళ్ల వైపు చూశాం. సుబ్బరావమ్మ గారి ప్లాటు అయిపోయి పక్కనున్న మా ప్లాటు మొదలయ్యే చోట పాతిన హద్దురాయి పక్కన నిలబడి ఉంది.

అక్కడి నుంచే చెప్పింది. ప్రతి చెట్టునూ ప్లాటు మధ్య నుంచి హద్దు మీదికి జరిపితే ఏ గుమ్మానికీ ఎదురు రాదు. చెట్ల మధ్య దూరం మారదు. ఒక్క చెట్టూ తగ్గదు. పైగా ఒక్కో చెట్టు నీడ రెండిళ్లకు పడుతుంది. అధికారులకు మారిన ప్లాను తనే తీసుకెళ్లి, మొదట చేసిన పొరపాటు చెప్పి, ఒప్పిస్తానంది. ఇంత మాటా ఆ బరువు దించకుండానే చెప్పింది. గోతంలోంచి నీళ్లు కారి ఆమె కుర్తా తడిసిపోతోంది. దింపమ్మా అన్నాను.

“చోటు తేలనివ్వండి టీచర్. దించినప్పుడల్లా ముద్ద పగులుద్ది.”

యలమంద గారు ఫోను జేబులో పెట్టుకున్నారు. ఆయన ముఖం చూస్తే లారీ సంగతి మర్చిపోయినట్టే ఉన్నారు. కానీ సుబ్బరావమ్మ గారు పీట మీద నుంచి లేచి గేటు దాటి వచ్చి, హద్దురాయిని కాలితో తట్టారు.

“హద్దు మీద చెట్టు గొడవలు నాకు చెప్పబాకండి. మా చేలో గట్టు మీద తుమ్మచెట్టు కాడ రెండు కొంపలోళ్లు మాటలు మానేశారు. నీడ పడిందని ఒకడు కొమ్మ కొడతాడు, ఆకు రాలిందని ఇంకొకడు తిడతాడు. నీళ్లు మాత్రం వాళ్లు పోస్తారులే అని వీళ్లు, వీళ్లు పోస్తారులే అని వాళ్లు. పక్కనుండే మనిషిని బట్టి ఉంటది అది.” అని నా వైపు తిరిగారు. “మాస్టారు పక్కన ఉంటాడనే ఈ ప్లాటు ఏరుకున్నా. ఆయన లేడు. నువ్వున్నావు. నువ్వు పక్కన ఉండేటట్టయితే ఈ రాయి కాడ చెట్టు నాటండి, వరసంతా నేను ఒప్పిస్తా. ఉంటావుగా?”

అంతలో యలమంద గారు దగ్గారు.

“మేడమ్ గారు ప్లాటు అమ్ముతున్నారు పెద్దమ్మా. ఆదివారం ఒంగోలు నుంచి వస్తన్నారు చూసుకోడానికి.”

నగ్మాకు ఆ సంగతి తెలియదు. నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఆ చూపు తిప్పుకోవడంలో ఎంత మర్యాద ఉందో అప్పుడే అర్థమైంది.

సుబ్బరావమ్మ గారు గట్టిగా అరుస్తారనుకున్నాను. అరవలేదు.

“అట్టాగా,” అన్నారు. “అమ్ముకో. నీ నేల, నీ ఇష్టం. తెలియనోళ్ల హద్దులో మాత్రం నేను చెట్టు పెట్టనివ్వను. నేను పెట్టకపోతే ఈ రోడ్డులో ఎవురూ పెట్టరు. వాణ్ణి లారీ పిలుచుకోమను.” కానుగ ఆకు ఒకటి వేళ్లతో తుడిచారు. “సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పు టీచరమ్మా. గోతంలో ఎక్కువ రోజులు ఉండవు ఇవి.”

అందులో బెదిరింపు లేదు. ఆవిడ నేలను బట్టి, నీళ్లను బట్టి, పక్క చేను మనిషిని బట్టి బతికారు. ఒక చెట్టును ఎవరి పక్కన పెడుతున్నామో తెలియకుండా పెట్టడం ఆవిడకు చేతకాదు. నాకు కోపం రాలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

ఉంటానని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ ప్లాటులో ఇల్లు ఎలా ఉండాలో ఆయన ఎన్నోసార్లు చెప్పారు. వంటింటి కిటికీ రోడ్డు వైపే ఉండాలనేవారు. ఇల్లు ఎప్పుడు కడదాం అంటే, కట్టడానికి ఏడాది చాలు, చెట్టుకు చాలదు, అందుకని చెట్టు ముందు అనేవారు. ఆ కిటికీ దగ్గర నేను ఒక్కదాన్నే నిలబడి ఉండడం ఊహించడానికి ప్రయత్నించాను. ఊహకు అందలేదు. అబద్ధం చెప్పి చెట్టు నాటించుకోవడం ఆయనకు నచ్చదు. బడికి వేళైందని చెప్పి ఆటో ఎక్కాను. నేను మలుపు తిరిగేటప్పుడు నగ్మా ఆ మొక్కను మళ్లీ పందిరి కిందికే తీసుకెళుతోంది.

బడిలో పాఠాలు చెప్పాను. పిల్లలు అడిగినవాటికి జవాబులు చెప్పాను.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి కాలనీలో ఎండ ఇంకా ఉంది. పార్కు స్థలంలో ఒక పక్క కాయలు ఎత్తి రాశి పోశారు. అంత మేర నల్లటి నేల బయటపడి ఉంది. ఎవరు చెప్పారో, సుబ్బరావమ్మ గారు తనే చేశారో తెలియదు. ఆవిడ గేటు ఎదుటి ఇనప కంచెను తీసుకొచ్చి హద్దురాయికి ఆనించారు. పక్కనే ఒక గడ్డపార నేలలో దిగేసి ఉంది. నగ్మా ప్రహరీ నీడలో కూర్చుని, మోకాళ్ల మీద ప్లాను పరుచుకుని పాత చుక్కలు చెరిపి కొత్త చుక్కలు పెడుతోంది. నన్ను చూసి లేచింది. రోడ్డు పక్కన యలమంద గారు కారుకు ఆనుకుని నిలబడి ఉన్నారు. కడియం వాళ్లు ఆఖరిసారి అడుగుతున్నారని, ఇప్పుడు చెబితేనే రాత్రికి లారీ బయల్దేరుతుందని అన్నారు. ఫోను చెవి దగ్గరే ఉంది.

సుబ్బరావమ్మ గారు తన గుమ్మంలోంచి నా వైపు చూస్తున్నారు.

పాత గుంత పూడ్చారు. హద్దురాయి పక్కన గుంత ఇంకా తవ్వలేదు. నేను ఇంకా జవాబు చెప్పలేదు.